తూర్పు మూల నీళ్లు

నేను అనుమానం మనిషిని. ఎవరో నా వెనక ఆ మాట అంటే విని ఉడుక్కుని చెప్పడం లేదు, నాకు నేనే ఒప్పుకుంటున్నాను. ముప్పై ఏళ్లు ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసినదానికి అనుమానం జబ్బు కాదు, ఉద్యోగం. పాలు వచ్చాయంటే వేలు ముంచి చూడాలి. కందిపప్పు వచ్చిందంటే బస్తా పైన కాదు, అడుగున చెయ్యి పెట్టి తియ్యాలి. కడుపునొప్పి అని పడుకున్న పిల్ల మొహం చూసేముందు ఆ రోజు లెక్కల పరీక్ష ఉందేమో చూసుకోవాలి. ఇలా బతికినదాన్ని, ఆత్మకూరులో రిటైరై ఒక్కదాన్నే ఇంట్లో కూర్చున్నాక, అనుమానించడానికి ఎవరూ లేక తోచేది కాదు. అందుకే చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, మా చెరువు నీళ్లు పచ్చగ మారినాయి, ఏందో బయంగా ఉండాది" అన్నప్పుడు, నిజం చెప్పాలంటే, నాకు కొంచెం హుషారొచ్చింది. మర్నాడే సంచీ సర్దుకున్నాను.

చెల్లెలిది ఎర్రగుంట్లకు అవతల ఒక మగ్గాల ఊరు. నంద్యాలలో రైలెక్కి ఎర్రగుంట్లలో దిగి, సిమెంటు లారీల వెనక ఆటోలో దుమ్ము మింగుతూ ఊరు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇంట్లో మగ్గం చప్పుడు లేదు. మరిది మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. నా వెనకే చెల్లెలు సైకిల్ తోసుకుంటూ వచ్చింది. సైకిల్‌కు రెండు వైపులా నీళ్ల క్యాన్లు. రవిక వీపంతా తడిసి అతుక్కుపోయింది.

"ఎవరికే ఇన్ని నీళ్లు?" అన్నాను.

"ఎనుముకక్కా. చెరువు నీళ్లు తాపడం మానేసినా. ఊరి బయట బోరు కాడికి పోయి తెస్తాండా, పూటకు నాలుగు తడవలు."

ఎనుమంటే వాళ్ల బర్రె. ఒక్కటే ఉంది, అదీ చూడిది, రెండు నెలల్లో ఈనాలి. దాని తల్లి ఈనగానే చచ్చిపోతే, చెల్లెలు దాన్ని సీసాతో పాలు పట్టి పెంచింది. చీరలు కదలని నెలల్లో ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది దాని పాల వల్లే. మరిదికి మగ్గం ఎంతో చెల్లెలికి ఆ ఎనుము అంత. కొమ్ములకు నూనె రాస్తుంది, వీపు తోముతుంది, కండెలు చుడుతూ కూడా దాంతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది. పదిహేను రోజుల కిందట చెరువులో నీళ్లు తాగిన రెండు గొర్రెలు గట్టు మీదే పడి చచ్చాయట. తర్వాత ఒక కుక్క. అప్పటి నుంచి చెల్లెలికి కంటి మీద కునుకు లేదు.

"డాక్టర్‌కు చూపించినారా గొర్లను?"

"పూడ్చేసినారు. ఎవురో మందు కలిపినారని అంటాండారు."

ఎవురో. ఆ మాట చాలు నాకు.

సాయంత్రం ఇద్దరం చెరువుకు పోయాము. నేను ఎరిగిన చెరువే అది. చెల్లెలి పెళ్లిలో తలంబ్రాల బట్టలు ఉతికిందీ ఆ రాళ్ల మీదే. నీళ్లు బాగా తగ్గిపోయి, గట్టు దిగువన పగుళ్లు వేసిన నేల మీదుగా చాలా దూరం నడవాల్సి వచ్చింది. మధ్యలో నీళ్లు మామూలుగానే, కొంచెం మందంగా కనిపించాయి. తూర్పు మూలకు చూస్తే నా కళ్లు నేను నమ్మలేదు. మరిది నూలుకు రంగు వేసే గాబులో పచ్చ రంగు కలిపి వదిలేసినట్టుంది. అల వస్తే నీళ్లు కదలడం లేదు, మీగడ కదిలినట్టు ఆ రంగే ముడతలు పడుతోంది. ఒడ్డున ఆరిపోయిన చోట రాళ్ల మీద నీలంగా పెచ్చులు కట్టింది. కుళ్లిన గడ్డి వాసన. ఒక్క కొంగ లేదు. చేపలు రెండు మూడు కడుపులు పైకి పెట్టి తేలుతున్నాయి.

ఆ మూలకు పోయే దారికి అడ్డంగా ఎవరో తుమ్మకంప నరికి వేశారు. దాని మీద ఒక ఎర్ర గుడ్డ పీలిక కట్టారు.

"ఎవరు వేసినారు ఈ కంప?"

"చేపలాయన" అంది చెల్లెలు, తూము వైపు చూపిస్తూ.

తూము దగ్గర తాటాకుల పాక ఉంది. చెరువును చేపల కోసం పాటకు తీసుకున్నవాళ్లు పెట్టిన కాపలా మనిషట. గోదావరి వైపు నుంచి వచ్చాడు. మమ్మల్ని చూసి తనే ఎదురొచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, లుంగీ, మెడలో తువ్వాలు.

"అమ్మా, గేదెని మాత్రం ఆ మూలకి తోలకండి. గాలి ఇటునుంచి అటు కొడుతోంది కదండీ, పాచంతా అక్కడికే చేరిపోయింది. అసలీ నీళ్లే వద్దండి. మరీ గతిలేకపోతే ఇటు తూము దగ్గర తాగించుకోండి, కాస్త నయం."

మాటకోసారి అండీ అనేవాళ్ల మీద నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. హాస్టల్‌కు కూరగాయలు వేసేవాడు కూడా అలాగే అనేవాడు, పుచ్చు వంకాయలు అడుగున పెట్టి.

"నువ్వు తింటాండావా ఈ చేపలు?" అన్నాను.

"ఇప్పుడు పట్టట్లేదండీ."

"పట్టని చేపలకు కాపలా ఏందప్పా?"

అతను నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. తూకం తక్కువ పడ్డప్పుడు సరుకు తెచ్చినవాడు నవ్వే నవ్వు. పాక పక్కన బస్తాలు పేర్చి ఉన్నాయి. ఏమిటని అడిగితే కోళ్ల ఎరువు, చేపలకు మేత కోసం నీళ్లలో వేస్తామన్నాడు. నాలుగు నెలల నుంచి వెయ్యడం ఆపేశామని కూడా అన్నాడు. అడగకుండానే చెప్పిన ఆ రెండో మాట నా చెవిలో ముల్లులా గుచ్చుకుంది.

తిరిగొస్తూ చెల్లెలికి చెప్పాను. "వానికి ఆ మూలలో ఏందో ఉండాది. వలలు దాచినాడో, దొంగతనంగా చేపలు పడతాండాడో. పశువులు దిగితే వానికి అడ్డం. అందుకే ఈ కంపలు, ఈ కతలు. వాని మాట నమ్మొద్దు."

"అయితే గొర్లు యాల సచ్చినాయక్కా?"

"అదీ వాని పనే అయింటాది. తూము దగ్గర తాపమంటాండాడు చూడు. ఆడ ఏం కలిపినాడో!"

చెల్లెలు సరేనన్నట్టు తలూపింది. చిన్నప్పటి నుంచీ నా మాట దానికి వేదం.

మర్నాడు ఊళ్లో విచారణ మొదలుపెట్టాను. ఒక ఇంట్లో సిమెంటు దుమ్ము పడి నీళ్లు పాడయ్యాయన్నారు. ఇంకో ఇంట్లో పైనున్న పొలాలకు ఎరువులు ఎక్కువ కొట్టారన్నారు. మూడో ఇంటావిడ గొంతు తగ్గించి, రంగులు వేసే ఇళ్లవాళ్లు గాబుల నీళ్లు కాలువలోకి వదులుతారు కదా అంది, నా మరిది ఇంటి వైపు చూస్తూ. నాకు ఒళ్లు మండింది. అందరూ ఇంకొకరిని చూపిస్తున్నారు. దొంగ ఎవరో నాకు మాత్రం ఖాయమైపోయింది. తాటాకు పాకలో కూర్చున్నాడు.

మూడో రోజు పొద్దున ప్రొద్దుటూరు నుంచి కబురొచ్చింది, మరిది మేనత్త పోయిందని. మొగుడూ పెళ్లాం ఇద్దరూ పోవాలి, రెండు రోజులు పడుతుంది. చెల్లెలు ఎనుము దగ్గర నిలబడి కదలదే.

"నేనుండాను కదే. ముప్పై ఏళ్లు నూటిరవై మంది పిల్లల్ని సాకినా. ఒక ఎనుమును చూసుకోలేనా?"

"బోరు నీళ్లే తాపక్కా. ఎంత కష్టమైనా బోరు నీళ్లే."

"సరేలే పో."

ఆ పొద్దు బోరు నీళ్లే తెచ్చాను. సైకిల్ నాకు అలవాటు లేదు, బిందెతోనే రెండు తడవలు నడిచాను. మూడో తడవ పోయేసరికి కరెంటు పోయింది. బోరు దగ్గర ఆడవాళ్లు బిందెలు వరసలో పెట్టి చెట్టు కింద కూర్చున్నారు. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. నడుము పట్టేసింది. ఇంటికొస్తే ఎనుము ఖాళీ తొట్టిలో మూతి పెట్టి గీకుతోంది. తెచ్చిన రెండు బిందెలు దానికి గొంతు తడవడానికి కూడా చాలలేదు. నన్ను చూసి అరిచింది. అంత దాహం వేసిన గొడ్డు అరుపు వినడం నాకు కొత్త.

అప్పుడు నాకు ఆ చేపలాయన మీద కోపం తలకెక్కింది. ఊరి పక్కనే చెరువు నిండా నీళ్లుంటే, ఒక చూడి ఎనుము దప్పికతో అరవాలా? వాడెవడో ఒక గుడ్డ పీలిక కడితే ఊరంతా భయపడి చావాలా? బిందె ఎత్తుకుని తిన్నగా చెరువుకు పోయాను. తూము వైపు పోలేదు. అక్కడ వాడు ఏదో కలిపాడని నేనే కదా తేల్చాను. వాడు పోవద్దన్న తూర్పు మూలకే పోయాను. తుమ్మకంపను కాలితో నెట్టి, ముళ్లు గీరుకుంటున్నా లెక్కచెయ్యకుండా పక్కకు లాగేశాను. వలలేమైనా కనిపిస్తాయేమోనని వెతికాను. ఏమీ లేవు. అప్పటికే ఎత్తేసి ఉంటాడనుకున్నాను.

ఆ పచ్చటి నీళ్లు అలాగే తాపేంత మొద్దును కాను నేను. మా నేతగాళ్ల ఇళ్లలో నీళ్లు వడగట్టే గుడ్డ ఎవరూ బజారులో కొనరు. మగ్గం మీద నుంచి చీర దించాక చివర మిగిలే జానెడు గుడ్డ ఉంటుంది. దాన్ని గంజి పోయేదాకా ఉతికి, కడవ మూతికి కడతారు. మా నాయన కాలం నుంచీ అదే. కొన్న గుడ్డలో వడగట్టిన నీళ్లు ఇస్తే మా నాయన ముట్టుకునేవాడు కాదు. మరిది నేత మరీ బిగువు. "నా బట్టలోంచి పొగ కూడా దూరదు వదినా" అంటాడు నవ్వుతూ. అది ఉత్త గొప్ప కాదు, అతని చీర వెలుగుకు పట్టి చూస్తే సందు కనిపించదు. చిలక్కొయ్యకు ఉన్న ఆ గుడ్డ తీసి, నాలుగు మడతలు వేసి, తొట్టి మీద పరిచి నీళ్లు పోశాను. పచ్చదంతా గుడ్డ మీద మడ్డిలా నిలిచిపోయింది. కిందికి దిగిన నీళ్లు కొంచెం టీ రంగులో ఉన్నాయంతే. హాస్టల్‌లో ఇంతకంటే అధ్వాన్నమైన ట్యాంకర్ నీళ్లు చూశాను. ఎనుము ఒక్క గుక్కలో తొట్టి ఖాళీ చేసి తల ఎత్తింది. దాని మూతి నుంచి నీళ్లు కారుతుంటే నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. చేపలాయన మీద గెలిచినట్టే అనిపించింది.

సాయంత్రం మళ్లీ తాపాను. మర్నాడు పొద్దున కూడా.

ఆ సాయంత్రానికి ఎనుము మేత ముట్టలేదు. గడ్డి ముందు వేస్తే వాసన చూసి తల తిప్పుకుంది. నడుము దగ్గర చర్మం వణుకుతోంది. ఎండ దెబ్బ అనుకుని తడిగుడ్డ కప్పాను. పక్కింటావిడ వచ్చి చూసి, "చూడిది కదా, అట్లే ఉంటాదిలే" అంది. నేనూ ఆ మాటే పట్టుకుని వేలాడాను.

మర్నాడు తెల్లవారాక చెల్లెలూ మరిదీ ఇల్లు చేరేసరికి ఎనుము పడుకుని ఉంది, లెయ్యడం లేదు. చెల్లెలు సంచీ వాకిట్లోనే పారేసి దాని మెడ మీద పడింది. మరిది పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. పక్క ఊళ్లోనే ఉందట, స్కూటర్ మీద గంటలో వచ్చింది. చిన్న వయసు పిల్ల, నా హాస్టల్ పిల్లల్లో ఒకతెలా ఉంది. ఎనుము కంటి రెప్ప కిందికి లాగి చూసింది, నోరు తెరిచి చూసింది.

"చెరువు నీళ్లు తాగిందా?" అనడిగింది.

నేను నోరు తెరిచేలోపే చెల్లెలు అందుకుంది. "లేదు మేడమ్. పదహైదు రోజులాయె, చుక్క తాపల్యా. నేను లేనప్పుడు మా అక్క బోరు నీళ్లే మోసి తాపింది. పెద్దది, పాపం, నడుం నొప్పితో."

చుట్టూ ఉన్నవాళ్లు నా వైపు మర్యాదగా చూశారు. నేను తొట్టి వైపు చూస్తూ నిలబడ్డాను.

"తాగింటే చెప్పండి. తాగిన దానికైతే బొగ్గు పొడి మందు పట్టించి చూస్తాము, ఎంత తొందరగా పడితే అంత మంచిది. తాగలేదంటే ఇంకేందో చూడాల" అంది డాక్టరమ్మ, నన్ను కాదు, అందరినీ చూస్తూ.

అప్పుడైనా చెప్పొచ్చు. ఎంతమంది పిల్లల్ని ఎదురుగా నిలబెట్టి, నిజం చెప్తే కొట్టను అని అడిగానో లెక్కలేదు. నేను మాత్రం చెప్పలేదు. సిగ్గు ఒకటే కాదు, అప్పటికీ నాలో అనుమానం చావలేదు. వడగట్టిన నీళ్లు ఎందుకు కీడు చేస్తాయి, ఆ చేపలవాడే తొట్టి దగ్గరకు వచ్చి ఏదో చేసి ఉంటాడు, ఈ పిల్లకు మాత్రం ఏం తెలుసు అని లోపల గొణుగుతూనే ఉన్నాను. డాక్టరమ్మ రెండు ఇంజెక్షన్లు వేసి, మధ్యాహ్నం ఫోన్ చెయ్యమని చెప్పి వెళ్లిపోయింది.

ఎనుము మెడ నేలకు వాల్చేసింది. చెల్లెలు దాని తల ఒళ్లోకి తీసుకుని, నా వైపు చూసింది.

"నువ్వు చెప్తానే ఉండావు కదక్కా. ఆ చేపలాయనే ఏదో చేసినాడు."

ఆ మాట వాకిట్లో ఉన్న మగవాళ్లకు చాలింది. ఎవరో కట్టె తీశారు. ఇంకెవరో పాక తగలబెడదామన్నారు. ఎప్పుడూ గొంతు పెంచని నా మరిది కూడా గుంజ పీకి చేతిలో పట్టుకున్నాడు. అంతలో వీధి చివర అతనే కనిపించాడు, మెడలో తువ్వాలు, మా వైపే గబగబా వస్తూ. వాకిట్లో ఏం జరుగుతోందో అతనికి తెలియదు. "ఎవరో కంప పక్కకి లాగేశారండీ, పశువులేమైనా ఆ మూలకి..." అంటూ వచ్చి, కట్టెలు చూసి ఆగిపోయాడు.

"ఆగండప్పా" అన్నాను. "ఆయప్పను ముట్టుకోవద్దండి. కంప లాగింది నేను. ఆ మూల నీళ్లు తెచ్చి తాపింది నేనే. మూడు తడవలు."

కట్టెలు కిందికి దిగాయి. మొదట మాట్లాడింది మరిది.

"వడగట్టినావా వదినా?"

"నాలుగు మడతలేసి."

అతను చిలక్కొయ్య వైపు చూశాడు. గుడ్డ ఆరి, పచ్చగా అట్టకట్టి వేలాడుతోంది. దాన్ని చేతిలోకి తీసుకుని, వేళ్లతో నలిపి చూసి, మళ్లీ అక్కడే పెట్టాడు.

మరిది ఫోన్ చేస్తే డాక్టరమ్మ అంత ఎండలో మళ్లీ వచ్చింది. బొగ్గు పొడి నీళ్లలో కలిపి గొట్టంతో పట్టించింది. చేపలాయన తువ్వాలు నడుముకు బిగించి, ఎనుము తల పైకెత్తి పట్టుకున్నాడు. నాలుగు గంటలపాటు పట్టుకునే ఉన్నాడు, నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను డాక్టరమ్మను అడిగాను, గుడ్డలో అంతా నిలిచిపోయింది కదా అని.

"గుడ్డలో నిలిచేది పాచి మాత్రమేనమ్మా. విషం నీళ్లలో కలిసిపోయి ఉంటాది. చక్కెర నీళ్లు వడగడితే చక్కెర నిలుస్తాదా? కాచినా పోదు."

"ఎవరు చేసినారమ్మా ఇది?" అన్నాను. ఇంకా ఆశ చావలేదు నాకు.

"ఒకరు చేసింది కాదు. ఎరువులు, పేడ, ఊరి మురుగు, ఈ ఎండలు, తగ్గిపోయిన నీళ్లు, అన్నీ కలిసి. పొద్దున చెప్పింటే..." అని ఆపేసి, గొట్టం కడుక్కోవడానికి పోయింది.

పొద్దు వాలకముందే ఎనుము పోయింది. కడుపులో దూడ ఇంకాసేపు కదిలిందని చెల్లెలు అంది. దాని పొట్ట మీద చెయ్యి పెట్టి, ఆ కదలిక ఆగేదాకా తియ్యలేదు.

జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు. తర్వాత వచ్చి ఎలా పోయిందని అడిగినవాళ్లకు చెల్లెలు, "చెరువు నీళ్లు తాగింది" అని మాత్రమే చెప్పింది. ఎవరు తాపారో చెప్పలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పొద్దుటి నుంచి చెల్లెలు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదని గుర్తొచ్చి, లోపలికి పోయి, బోరు నీళ్ల కడవలోంచి చెంబుడు ముంచి తెచ్చి ఇచ్చాను.

చెల్లెలు చెంబు అందుకుంది. నోటి దాకా తీసుకుపోయి ఆగింది. చెంబులోకి వంగి చూసింది. తర్వాత తల ఎత్తి, మామూలు గొంతుతో, కోపం ఏమీ లేకుండా అడిగింది.

"యాడివక్కా ఈ నీళ్లు?"

"బోరువే" అన్నాను.

అది కాసేపు నా మొహం చూసింది. చెంబు పక్కన పెట్టి, తనే లేచి లోపలికి పోయి ముంచుకుని తాగింది.